బండల బరిలో రేకు లెన్సు

బెంగళూరు నుంచి వచ్చిన ఆ ఫొటోగ్రాఫరు నవ్విన నవ్వు నాకు ఇప్పటికీ చెవుల్లోనే ఉంది. అరవై మూడో సంవత్సరం, అనంతపురంలో ఫుట్‌బాల్ ఫైనల్. మా బావ మద్దిలేటి గోలు వల వెనకాల బోర్లా పడుకుని కెమెరా సర్దుకుంటున్నాడు. బెంగళూరాయన మూరెడు లెన్సును మెడకు వేలాడదీసుకుని అటుగా వచ్చాడు. బావ చేతిలోది జర్మనీ కెమెరా అని గుర్తుపట్టి ముందు కళ్ళు పెద్దవి చేశాడు. ఆ తర్వాత దానికి బిగించిన లెన్సు చూశాడు. రంగు లేచిపోయి, ముందు గాజుకు ఒక పక్క చీలిక వచ్చిన రేకు లెన్సు. "ఇదేమిటండీ, పట్టుచీర మీదికి గోనెపట్టా రవిక తొడిగినట్టు!" అని వచ్చీరాని తెలుగులో పకపకా నవ్వాడు.

నా చేతిలో సైకిల్ పంపు ఉంది. టవర్ క్లాక్ దగ్గర నాది సైకిల్ షాపు. బంతికి గాలి కొట్టమని పిలిస్తే గ్రౌండుకు వెళ్ళాను. ఆ పంపుతో ఆయన నెత్తిన ఒకటి ఇద్దామనిపించింది. నాకు కోపం ముందు, ఆలోచన తర్వాత. బావ మాత్రం తలైనా ఎత్తకుండా, "ఆట మొదులైనాక చూడప్పా" అన్నాడు. పదో నిమిషంలో బంతి వలకు తగిలి, వల సాగి, వలతో సహా వచ్చి కెమెరా మూతికి కొట్టుకుంది. బెంగళూరాయన "అయ్యో!" అని కళ్ళు మూసుకున్నాడు. బావ తువ్వాలు కొసతో లెన్సును ఒక్క తుడుపు తుడిచి మళ్ళీ పడుకున్నాడు. అప్పుడు నవ్వడం నా వంతయింది.

ఆ రేకు లెన్సు ఆ కెమెరాకు ఎలా ఎక్కిందో చెప్పాలంటే నాలుగేళ్ళు వెనక్కి వెళ్ళాలి. అందులో నా తప్పు కూడా ఒకటుంది. దాచను, అదీ చెబుతాను.

మద్దిలేటిది ముదిగుబ్బ దగ్గర గొర్రెలు కాసుకునే ఇల్లు. టౌనుకొచ్చి ఒక స్టూడియోలో ఫొటోలు కడగడానికి నీళ్ళు మోసే పనిలో చేరాడు. మోస్తూ మోస్తూ కడగడం నేర్చాడు, కడుగుతూ కడుగుతూ తీయడం నేర్చాడు. తర్వాత నా షాపు పక్కనే ఒంటిగది స్టూడియో పెట్టాడు. మా అక్క చౌడమ్మను ఆయనకే ఇచ్చాము. ఇంట్లో అక్క, బావ, బావ తల్లి హనుమక్క. నేను అక్కడే తిని అక్కడే తిరిగేవాణ్ణి.

స్టూడియోలో ఆయనకు వచ్చే పని రెండు రకాలు. కుర్చీలో కదలకుండా కూర్చున్న బతికినవాళ్ళు, కుర్చీకి కట్టి కూర్చోబెట్టిన చచ్చినవాళ్ళు. "ఇద్దురికీ తేడా తెలీకుండా పోతాండాది రా ఓబుళేసూ" అనేవాడు. ఆయన మనసంతా కదిలేవాటి మీద. కుస్తీలు, చెడుగుడు, అన్నిటికన్నా మించి ఎడ్లు బండలాగే పోటీలు. అరగడియ సేపు జరిగే ఆ పెనుగులాటను ఒక్క రెప్పపాటులో పట్టి, మనిషి చేతిలో కాగితంగా పెట్టాలని ఆయన కోరిక. ఆ కోరిక చెప్పేటప్పుడు నత్తి కూడా వచ్చేది, అంత ఉద్వేగం.

కెమెరా కొనుక్కున్నది కాదు. మిషను ఆసుపత్రిలో ఒక తెల్ల డాక్టరు ఉండేవాడు. ఆయన ఫొటోలన్నీ పదేళ్ళు బావే కడిగాడు. డాక్టరు దేశానికి తిరిగి వెళ్ళిపోతూ తన కెమెరాను బావ చేతిలో పెట్టి, "దీని లెన్సును నీ కన్నులా చూసుకో" అన్నాడు. అంతే, ఆ మాట బావకు శాపమైంది. చేతులు రెండుసార్లు కడుక్కుని గాని దాన్ని ముట్టేవాడు కాదు. మెత్తని ఫ్లానెల్ గుడ్డ, దానికో డబ్బా, డబ్బాకో సంచి. బండలాగుడు పోటీలకు వెళ్ళేవాడు గాని, ఎక్కడ కంకర ఎగిరి పడుతుందో, ఎక్కడ దుమ్ము దూరుతుందో అని బరికి యాభై గజాల దూరంలో నిలబడి తీసేవాడు.

ఆ ఫొటోలను మద్రాసు నుంచి వచ్చే ఒక వారపత్రికకు పంపేవాడు. పత్రికాయన వెటకారం ఎరిగినవాడు. ఒకసారి ఇలా రాశాడు: "మీరు పంపిన ఫొటోలో దుమ్ము చాలా బాగుంది. ఎడ్లు ఎక్కడున్నాయో బాణం గుర్తు వేసి పంపగలరు." బావ ఆ ఉత్తరాన్ని మడిచి గల్లాపెట్టెలో అడుగున పెట్టాడు. నేను పత్రికాయన మీద రేగిపోయాను గాని, ఫొటో చూస్తే నిజంగా ఎడ్లు చీమలంతే ఉన్నాయి.

యాభై తొమ్మిది దసరాకు ముందు అదే పత్రిక నుంచి ఇంకో ఉత్తరం వచ్చింది. "విజయదశమికి పామిడిలో పోటీలని విన్నాము. దీపావళి సంచికకు ముఖచిత్రం కావాలి. ఎద్దు కన్ను కనబడాలి. కనబడితే నాలుగు జిల్లాలకూ మీరే మా ఫొటోగ్రాఫరు. లేదా, మన ఉత్తరాలు ఇంతటితో చాలిద్దాం." బావ దాన్ని ఎన్నిసార్లు చదివాడో లెక్కలేదు. అన్నం ముందు కూర్చుని కూడా, "ఎద్దు కన్నంట రా" అని నవ్వుకునేవాడు. ఆయన జీవితం కుర్చీ ముందు ముగుస్తుందా, బరి ముందు మొదలవుతుందా అన్నది ఆ ఒక్క ఫొటోతో తేలిపోతుంది. అది ఇంట్లో అందరికీ తెలుసు.

పోటీకి ముందురోజు ఆయుధపూజ. మా పద్ధతి ప్రకారం పనిముట్లన్నీ ఒక పీట మీద పేర్చాము. నా స్పానర్లు, పంపు, పంక్చర్ల డబ్బా ఒక వైపు, బావ ట్రేలు, ముక్కాలి స్టాండు, కెమెరా ఇంకో వైపు. మర్నాటి కోసం తుడుద్దామని బావ లెన్సును ఊడదీసి, దాని గుడ్డ మీద పెట్టి, గుమ్మడికాయ తేవడానికి నన్ను వెంటబెట్టుకుని బజారుకు పోయాడు. ప్రతి ఏడూ లెన్సుకు మూత ఉండేది, బొట్టు మూత మీద పడేది. ఆ ఏడు మూత లేదు.

హనుమక్క అత్త గంధం అరగదీసి, అన్నిటికీ వరసగా బొట్లు పెడుతూ వచ్చింది. లెన్సు దగ్గర ఆగింది. కొడుక్కి అన్నం పెట్టే కన్ను ఇదే గదా అనుకుంది. గాజుకు నట్టనడుమ గంధం దిద్ది, దాని మీద కుంకుమ పెట్టి, కళ్ళకద్దుకుంది. బొట్లన్నీ పెట్టడం ముగిసేసరికి గంధం ఎండి పెళుసుబారింది. దుమ్ము పడినా ఓర్వడే నా కొడుకు, ఇట్ల చూస్తే ఏమంటాడో అని పాపం భయపడింది. లాంతరు చిమ్నీని రోజూ ఎట్లా మెరిపిస్తుందో అట్లాగే, పొయ్యిలోంచి గుప్పెడు బూడిద తీసి, పాత చీరపేలికతో, ఓపిగ్గా, చుట్టూ తిప్పి తిప్పి తోమింది.

మేము గుమ్మడికాయతో వచ్చేసరికి ఎదురొచ్చి, రెండు చేతుల్లో పట్టుకుని చూపించింది. "చూడు నాయనా, ఎట్ల మెరుస్తాండాదో!"

బావ తీసుకుని వెలుతురుకు ఎత్తి చూశాడు. సన్నని గీతలు, సాలెగూడు మాదిరి, ఈ అంచు నుంచి ఆ అంచు దాకా. గుమ్మడికాయ పక్కన అట్లాగే కూలబడ్డాడు. ఆయన అనకపోతే ఏం, నేను ఉన్నాను గదా! "ఏం పని చేసినావత్తా! రేపు పొద్దున పోటీ పెట్టుకోని ఈ పొద్దు కండ్లు పొడిచి పెట్నావే! ఆ డాక్టరు ఇచ్చింది బూడిదేసి తోమేకా? ఆయప్ప బతుకు పాయె, పో!" అని వీధి వీధంతా వినేలా అరిచాను. అత్త ముఖం పాలిపోయింది. తన చేతులకేసి ఒకసారి చూసుకుని, వాటిని కొంగు కింద దాచుకుంది. ఆ చేతులు దాచుకోవడం నేను చచ్చేదాకా మరవను. అన్న మాట తిరిగి మింగలేను గదా.

ఆ సాయంత్రం ఇంట్లో ఎవరూ తినలేదు. బావ ఫొటోల కట్ట ముందర వేసుకుని ఊరికే కూర్చున్నాడు. ఆ కట్ట గాలికి ఎగరకుండా పైన ఒక బరువు పెట్టి ఉంది. నా చూపు దాని మీద పడింది.

"బావా, అదేంది?"

"అదా? గుంతకల్లు స్టేషన్లో ఒకాయప్ప పాత సామాన్లు అమ్ముకుంటాంటే తీసుకుంటి. రేకు లెన్సు. ఒగసారి పెండ్లికూతురిని తీస్తి. పొగలో కూర్చోబెట్టినట్ల వచ్చె. దాంతో బరువు పెట్టుకునేకి తప్ప..."

"కెమెరాకు దీని మర పడతాదా లేదా, అది చెప్పు."

ఆయన చిరాగ్గా తీసి కెమెరాకు తిప్పాడు. మూడు చుట్లు తిరిగి, కిర్రున బిగుసుకుంది. ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాము.

పొద్దున్నే పామిడి మీదుగా పోయే గుత్తి బస్సెక్కాము. ఆ ఏడు చిత్తకార్తె వచ్చినా చుక్క రాలలేదు. దారి పొడవునా చేన్లలో శెనక్కాయ చెట్లు తల వాల్చి ఉన్నాయి. బస్సులో ప్రతివాడూ కిటికీలోంచి ఆకాశం చూసి నిట్టూర్చేవాడే. బావ కూడా చూస్తున్నాడు. కాసేపాగి నా చెవిలో అన్నాడు, "తప్పు రా ఓబుళేసూ, తప్పే. అందురూ మబ్బు కావాలని మొక్కుతాండారు, నేనొక్కణ్ణి వద్దని మొక్కుతాండా. ఎండ ఉంటే కంత చిన్నది చెయ్యొచ్చు." లెన్సు లోపల రేకుల మధ్య ఒక కంత ఉంటుంది. దాన్ని పెద్దదీ చిన్నదీ చేసుకోవచ్చు. మసక వెలుతురులో పెద్దది చేయక తప్పదు, ఎండలో చిన్నది చాలు. నాకు అప్పటికి తెలిసిందంతే.

పామిడిలో పెన్న ఒడ్డున జనం విరగబడి ఉన్నారు. తప్పెట్లు, ఈలలు, కమ్మరి కొలిమిలా కాలుతున్న నేల. బరి మధ్యలో బండ, గొలుసు, ఒక్కో జత వచ్చి లాగిపోతోంది. బావ అలవాటు ప్రకారం యాభై గజాల దూరంలో ఒక గట్టు మీదికి నడుస్తున్నాడు. నాకు ఒళ్ళు మండింది.

"బావా! యాడికి పోతాండావు?"

"దుమ్ము రా..."

"ఏం దుమ్మప్పా! నీ మెడలో ఉండేది డాక్టరు కన్నా? కాగితాల మీది బరువు! పగిల్తే పగల్నీ!"

బావ ఆగిపోయాడు. తల వంచి మెడలోని లెన్సు వంక చూశాడు. నిన్నటి నుంచి నవ్వని మనిషి, ఉన్నట్టుండి గట్టిగా నవ్వేశాడు. నవ్వుతూనే వెనక్కి తిరిగి, తాడు కింద దూరి, బండ వచ్చే దారికి పక్కగా నేల మీద బోర్లా పడ్డాడు. పంచెకు మట్టి, గడ్డానికి మట్టి. పది అడుగుల దూరంలో ఒక రాయి పెట్టుకుని, లెన్సు మీది దూరం అంకెలు దానికి సరిపెట్టాడు. కంతను పదకొండు అంకె దాకా చిన్నది చేశాడు. "ఇంగ దీన్ని ముట్టను. ఆ రాయి కాడికి ఏది వచ్చినా నాదే" అన్నాడు. పరాయి ఆడమనిషితో మాదిరి దూరం దూరంగా మసలుకుంటూ వచ్చిన కెమెరాతో అన్నేళ్ళకు చనువుగా ఉన్నాడనిపించింది.

ఆఖరి జత తిప్పన్నది. ముదిగుబ్బ వైపు రైతు, బావకు ఊరి పరిచయం. రెండు తెల్ల ఎడ్లు. ఈల పడింది. తిప్పన్న చెర్నాకోల గాల్లో ఆడించి "హోయ్!" అన్నాడు. బండ కదిలింది. జనం లేచారు. ఇరవై గజాలు, ముప్పై గజాలు. సరిగ్గా బావ పెట్టుకున్న రాయి దగ్గరికొచ్చి బండ ఇరుక్కుంది. ఎడ్లు ముందుకు వంగాయి. కుడి ఎద్దు ముందుకాళ్ళు మడిచి మోకాళ్ళ మీద పడింది, అయినా లాగుతూనే ఉంది. మూతి నేలకు తగిలింది, మెడ నరాలు తాళ్ళల్లా లేచాయి. తిప్పన్న నోరు తెరిచి ఏదో అరుస్తున్నాడు, ఆ గోలలో వినబడలేదు. నేను కూడా అరుస్తున్నాను, ఏమని అరిచానో నాకే తెలియదు. ఒక్క ఉదుటున ఎద్దు లేచింది. బండ జారింది. కంకర జివ్వున ఎగిరింది.

టప్పుమని చప్పుడైంది. బావ తల పక్కకు తిప్పాడు. బండ పోయింది, ఎడ్లు పోయాయి, జనం తిప్పన్న మీద పడ్డారు. నేను పరిగెత్తి వెళ్ళి చూస్తే లెన్సు ముందు గాజు ఒక పక్క పగుళ్ళిచ్చి ఉంది.

"ఫొటో కొట్టినావా? అంతకు ముందు కొట్టినావా?"

"కొట్టినా. ముందో వెనకో తెలీదు రా" అన్నాడు. అయినా రీలు తిప్పి, ఆ పగిలిన గాజుతోనే, తిప్పన్నను భుజాల మీద ఎత్తుకున్న జనాన్ని ఇంకో నాలుగు తీశాడు.

మర్నాడు పొద్దున చీకటిగదిలో ఇద్దరమే. రీలు కడిగి ఆరేశాక, ఎర్రబుడ్డి కింద కాగితాన్ని మందునీళ్ళలో ముంచాడు. ముందు ఒక నల్లచుక్క వచ్చింది. అది కన్ను. ఎద్దు కన్ను! దాని చుట్టూ రెప్పవెంట్రుకలు, ఒక్కొక్కటి విడివిడిగా. తర్వాత మూతి, మూతి నుంచి జారుతున్న చొంగ తీగ, గాలిలో ఆగిపోయిన కంకర. వెనకాల తెరుచుకున్న తిప్పన్న నోరు. ఆయప్పకు పైపన్ను ఒకటి లేదని మాకు అప్పుడే తెలిసింది. నేను గంతులేసి తలుపుకు తల తగిలించుకున్నాను. బావ గంతులేయలేదు. తడి కాగితాన్ని పట్టుకుని ఏడ్చాడు, సిగ్గుపడకుండా ఏడ్చాడు.

చీలిక పడ్డాక తీసినవి కూడా కడిగాడు. వాటిలో చీలిక జాడే లేదు. అప్పుడు కూర్చుని నాకు విడమరిచి చెప్పాడు. "చౌక లెన్సుకు చెడ్డతనమంతా అంచుల్లోనే ఉండాది రా. నడుమ గాజు మంచిదే. పెండ్లికూతురిని దీపాల కింద తీసినప్పుడు కంత పెద్దది పెడితి, అంచులు కూడా పనిచేసె, పొగ వచ్చె. ఎండలో కంత చిన్నది పెడితే నడుమ గాజొక్కటే చూస్తాది. అప్పుడు దొరల లెన్సుకూ దీనికీ తేడా తక్కువ. కెమెరా మాత్రం మంచిది కావాల, దాని లోపలి రెప్ప టైముకు పడాల. ఇంగ మిగిలిందల్లా దగ్గరికి పోవడమే. నేను ఇన్నేండ్లు లెన్సును కాపాడితి, ఫొటోను పోగొట్టుకుంటి."

దీపావళి సంచిక మీద ఆ ఎద్దు వచ్చింది. పత్రికాయన ఉత్తరం రెండే ముక్కలు: "ఎద్దు కనబడింది. ఇక బాణం గుర్తు అక్కర్లేదు, నాలుగు జిల్లాలూ మీవి." నేను ఆ సంచికను షాపు ముందర తాడుకు కట్టి, గాలి కొట్టించుకోవడానికి వచ్చిన ప్రతివాడికీ చూపించాను. చూడనన్నవాడికి గాలి కొట్టలేదు.

డాక్టరు లెన్సును బెంగళూరులో సాన పట్టించి, స్టూడియోలో కుర్చీ ముందు వాడుకున్నాడు. బరికి, గ్రౌండుకు, కుస్తీకి మాత్రం రేకు లెన్సే. డబ్బులేక కాదు, అదే కావాలని.

అంతా బాగుపడింది, ఒక్కటి తప్ప. అత్త ఆ ముఖచిత్రాన్ని కళ్ళకద్దుకుంది, అయినా స్టూడియో గడప తొక్కలేదు. కొడుకు వస్తువు ఏదైనా దారిలో ఉంటే చుట్టు తిరిగి పోయేది. నేను రెండుసార్లు, "అత్తా, కోపంలో అంటిని, మనసులో పెట్టుకోవద్దు" అన్నాను. "నువ్వన్నది నిజమే గదా నాయనా" అనేది, అంతకంటే శిక్ష నాకేముంది.

మళ్ళీ ఆయుధపూజ వచ్చింది. పూజ కాగానే మర్నాటి పోటీలకు బస్సెక్కాలి. పీట మీద అన్నీ పేర్చాము. గంధం గిన్నె, కుంకుమ భరిణె సిద్ధం చేసి, బొట్లు పెట్టే వేళకు అత్త మెల్లగా లేచి పెరట్లోకి వెళ్ళిపోయింది. "నువ్వు పెట్టు చౌడమ్మా" అంది పోతూ పోతూ. అక్క గంధం గిన్నె అందుకోబోయింది. బావ ఆ గిన్నె తనే తీసుకుని, ఇంకో చేతిలో కెమెరాతో పెరట్లోకి నడిచాడు. నేను వెనకే వెళ్ళాను.

అత్త తొట్టి దగ్గర నిలబడి ఉంది. బావ రేకు లెన్సును ఆమె ముఖానికి ఎదురుగా పెట్టాడు. మూత లేదు.

"నువ్వే పెట్టాల మా."

"వద్దు నాయనా. నా చేతులు మంచివి కావు."

"నీ చేతుల వల్లనే నేను బరిలోకి పోతిని. నువ్వా పొద్దు తోమకుంటే ఈ పొద్దుకూ గట్టు మీదనే నిలబడి ఉందును. పెట్టు."

అత్త చేతులు కొంగు కిందే ఉన్నాయి. ఆయన కదలలేదు, కెమెరా దించలేదు. నేను అప్పుడు ఏదైనా అంటే మళ్ళీ చెడగొడతానని పళ్ళు బిగబట్టుకున్నాను. ఎంతసేపటికో కుడిచెయ్యి బయటికి వచ్చింది. వేలు గంధంలో ముంచి, "గాజు మీదనా?" అని అడిగింది.

"గాజు మీదనే. నడుమ."

పెట్టింది. కుంకుమా పెట్టింది. తర్వాత కొడుకు నుదుటికి, ఆ తర్వాత, నేను అడగకపోయినా, నా నుదుటికి. బావ ఆ బొట్టును పూజ అయ్యేదాకా ఉంచి, తువ్వాలు కొసతో తుడిచేసి, "పద రా, బస్సు పోతాది" అన్నాడు.